ఉంచనా, ఒంచనా

ఫెబి తనని ఆంటీ అని పిలిచిన ప్రతిసారీ సుధేష్ణకి అరికాలి మంట నెత్తికెక్కేది. ఎక్కదా మరి. తనకింకా నలభై నిండలేదు. ఆ పిలుపు ఏ గృహప్రవేశంలోనో పేరంటంలోనో వినిపిస్తే సర్దుకుపోవచ్చు. డబ్లిన్‌లో ఆసుపత్రిని ఆనుకుని ఉన్న పరిశోధనశాలలో, తను ఏళ్ళ తరబడి చాకిరీ చేస్తున్న చోట, నలుగురి ముందూ వినిపించేది. పోనీ ‘మీరు’ అంటుందా అంటే అదీ లేదు. ‘ఆంటీ, నువ్వు తిన్నావా? ఆంటీ, నువ్వు ఇటు రా.’ డబ్లిన్‌కి దూరంగా వాటర్‌ఫోర్డ్ అనే ఊళ్ళో పెరిగిన పిల్ల. వాళ్ళమ్మ ఎస్తేరమ్మ చీరాల నుంచి వచ్చి అక్కడ నర్సుగా స్థిరపడింది. అమ్మ తనతో ఎలా మాట్లాడుతుందో ఈ పిల్ల లోకంతో అలా మాట్లాడుతుంది. మీరు అనే మాట ఒకటుందని ఆమెకి ఎవరూ చెప్పినట్టు లేదు.

అయితే పిలుపు సంగతి పైకి చెప్పుకునే కారణం మాత్రమే. అసలు మంట వేరే ఉంది. అసూయ అంటే సుధేష్ణ ఒప్పుకోదు. అన్యాయం అంటుంది, పద్ధతి అంటుంది, సీనియారిటీ అంటుంది. మనం మాత్రం ఒప్పుకుందాం. అది అసూయే, పచ్చి అసూయ. పొద్దున లువాస్ ట్రామ్ ఎక్కినప్పుడు మొదలై రాత్రి పడుకునేదాకా కడుపులో కుంపటిలా రగులుతూనే ఉండేది.

వాళ్ళ పని హెచ్ఐవి మీద. తను ఉండే లీక్స్‌లిప్‌లో తెలుగువాళ్ళ విందుల్లో ఎవరైనా అడిగితే సుధేష్ణ ‘ఇమ్యూనిటీ మీద అండీ’ అని ఊరుకునేది. హెచ్ఐవి అంటే చాలు, ఎదుటివాళ్ళు గొంతు తగ్గించి, ఆమె చేతిలోని గిన్నె వంక ఒకసారి చూసేవాళ్ళు. నిజానికి ఆమెకి ఆ పని ప్రాణం. ఆ వైరస్ ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లో జరిగే యుద్ధం చాలామందికి తెలియదు. మనిషి జ్వరమొచ్చిందనుకుని రెండు మాత్రలు మింగి పనికి పోతాడు. లోపల రక్తంలో వైరస్ కోట్లకి కోట్లు పెరుగుతూ ఉంటుంది. అప్పుడు చంపే కణాలు లేస్తాయి. కిల్లర్ టీ కణాలంటారు వాటిని. వైరస్ దూరిన కణాన్ని ఆనవాలు పట్టి చంపుతాయి, తమలాంటివాటిని వేలల్లో పుట్టించుకుంటాయి, వైరస్‌ని అణగదొక్కుతాయి. పూర్తిగా మాత్రం గెలవలేవు. వైరస్ ముఖం మార్చుకుంటుంది, ఇవి పాత ముఖం కోసమే వెతుకుతూ ఉంటాయి. పైగా వైరస్ ముందుగా దూరేది ఈ సైన్యానికి సాయం చేసే కణాల్లోకే. చేతులు కలపాల్సినవాళ్ళలోనే శత్రువు కూర్చుంటాడన్నమాట.

ఆ తొలి రోజుల కణాలు దొరకడమే కష్టం. జ్వరం తగ్గిన చాలాకాలానికి గానీ మనిషి పరీక్షకి రాడు. వచ్చిన మనిషికి ఆ రోజే మందులు మొదలుపెడతారు, పెట్టాలి కూడా. మందులకి ముందు తీసిన రక్తం, అదీ తొలి వారాలది, సుధేష్ణ ఇన్నేళ్ళలో చేతితో తాకింది లేదు. దాని కోసమే ప్రాజెక్టు రాసింది. ప్రతి వాక్యం తనదే. ప్రొఫెసర్ ఓర్లా దాని కింద సంతకం పెట్టి, చదివి, ‘బ్రిలియంట్’ అంది.

తీరా అలాంటి మనిషి దొరికేసరికి ఏమైంది? కిల్కెన్నీ నుంచి వచ్చిన ఒక స్కూల్ మాస్టరు. క్లినిక్‌లో పరీక్ష ఫలితం విని గోడ వంక చూస్తూ కూర్చుంటే, ఆ రోజు అక్కడ పనిమీద ఉన్న ఫెబి వెళ్ళి పక్కన కూర్చుంది. టీ తెచ్చిచ్చింది. వాళ్ళ ఊరి హర్లింగ్ జట్టు గురించి మాట్లాడింది. లోపల కణాలు ఎలా కొట్లాడతాయో ఆ ఆట భాషలోనే చెప్పింది. ఆయన చివరికి నవ్వి, ‘అయితే మా లాడ్స్ ఎలా ఆడుతున్నారో చూసి చెప్పు’ అని చెయ్యి చాపాడు. రక్తం ఇచ్చిన సాయంత్రమే మందులు మొదలుపెట్టాడు. మర్నాడు మీటింగులో ఓర్లా ఆ కథంతా మురిసిపోతూ చెప్పి, ‘ఈ శాంపిల్స్ ఫెబి చేస్తుంది. సుధేష్ణ సాయంగా ఉంటుంది’ అంది.

సాయంగా. సుధేష్ణ ఆ మాటని పదే పదే తలుచుకుంది. తను రాసిన ప్రాజెక్టు, తను ఎదురుచూసిన రక్తం, పరిశోధన పేపరు మీద మొదటి పేరు మాత్రం నిన్న మొన్న చేరిన పిల్లది. కారణం? హర్లింగ్ గురించి మాట్లాడటం వచ్చు. ఓర్లా జోకు వేస్తే పూర్తి కాకముందే నవ్వడం వచ్చు. అందరూ ‘ఫీబ్స్’ అని ముద్దుగా పిలిచేలా ఉండటం వచ్చు. ఇంటికెళ్ళి భర్త నవదీప్ దగ్గర వెళ్ళగక్కింది. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి వచ్చిన మనిషి, కంచంలోంచి తల ఎత్తకుండా, “చిన్నపిల్లే కదా, వదిలెయ్” అన్నాడు. ఆ రాత్రి అతనితో కూడా మాట్లాడలేదు.

ఇంతకీ ఆ పిల్లకి సుధేష్ణ అంటే వల్లమాలిన ఇష్టం. అదొక గోల. డబ్లిన్‌లో అద్దె గదిలో ఒక్కతే ఉంటుందని జాలిపడి ఎప్పుడో ఒకసారి భోజనానికి పిలిచినందుకు, నెలకొకసారి లీక్స్‌లిప్ వచ్చి వంటింట్లో తిరిగేది. అలా వచ్చిన ఒక ఆదివారం సుధేష్ణ ఉల్లిపాయలు తరుగుతూ, “పప్పు ఉడికింది. పైతేట ఉంచు, చారు పెడదాం” అంది. ఫెబి గిన్నె ఎత్తి తేటంతా సింకులో పారబోసింది.

“ఉంచమన్నానే!”

“ఒంచాను కదా ఆంటీ.”

ఆ పిల్ల నోట్లో రెండు మాటలూ ఒక్కటే. చెవికీ అంతే. వాళ్ళింట్లో అన్నం కుక్కర్లో ఉడికేది, గంజి వంచే పని లేదు. ఆ మాట ఎప్పుడో అమ్మ నోట విని, అర్థం సగమే పట్టుకుంది. నవదీప్‌తో సహా ముగ్గురూ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుకున్నారు. అప్పటికింకా కిల్కెన్నీ మాస్టరు రాలేదు, సుధేష్ణకి నవ్వడానికి అడ్డేమీ లేదు. ఆమే కూర్చోబెట్టి నేర్పింది. “నా పెదాలు చూడు. ఉంచు అన్నప్పుడు ముడుచుకుంటాయి. ఒంచు అన్నప్పుడు తెరుచుకుంటాయి. మూస్తే ఉంటుంది, తెరిస్తే పోతుంది.” ఫెబి ఆమె మూతి వంక చూస్తూ పదిసార్లు అంది, పదిసార్లూ తప్పే అంది. అప్పుడే సుధేష్ణ ఒక కట్టుబాటు కూడా పెట్టింది. “ల్యాబ్‌లో కబుర్లు తెలుగులో చెప్పుకుందాం. పని మాటలు మాత్రం ఇంగ్లీషులోనే. అక్కడ తప్పు వింటే పోయేది చారు కాదు.”

కట్టుబాటు పెట్టిందెవరో గుర్తుంచుకోండి.

మాస్టరు కణాలతో ప్రయోగం గురువారం. ముందురోజే ఫెబి ఆ కణాలకి వైరస్ ముక్కలు చూపించి వెచ్చటి పెట్టెలో రాత్రంతా ఉంచింది. వైరస్‌ని గుర్తుపట్టిన కణాలు రెచ్చిపోయి కొన్ని పదార్థాలు విడుస్తాయి. ఆ పదార్థాలు పైన ఉన్న ద్రవంలో కలుస్తాయి, కణాలు అడుగున పేరుకుంటాయి. ఎప్పుడూ చేసేది పైతేట బ్లీచ్ డబ్బాలో పోసేసి, అడుగునున్న కణాలకి రంగులు పట్టించి లెక్కపెట్టడం. ఫెబి ప్లానూ అదే. ఆ పొద్దున మాత్రం ఓర్లా సుధేష్ణకి ఫోన్ చేసింది. పైతేట ఒక్క చుక్క ఉన్నా అన్ని పదార్థాలూ కొలిచిపెట్టే ఏర్పాటు తెలిసినవాళ్ళ దగ్గర దొరికిందట. ‘దాన్ని పారబొయ్యొద్దు, అసలు బంగారం అందులోనే ఉంది. ఫీబ్స్ అప్పటికే లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది, నువ్వు చెప్పు’ అంది. సరేనంది సుధేష్ణ. కబురు మోసే పని కూడా తనదే అయింది.

ఆ గదిలోకి ఊరికే పోవడానికి లేదు. రెండు జతల చేతితొడుగులు, వెనక ముడేసే గౌను, ముక్కూ నోరూ బిగించి పట్టే మాస్కు. లోపల ఒక్కరే ఉండకూడదని నియమం, అందుకే ఈ సాయం. గాలి పీల్చే యంత్రాల హోరు. ఫెబి అద్దం వెనక చేతులు పెట్టుకుని పనిచేస్తోంది. గిర్రున తిరిగే యంత్రంలోంచి అప్పుడే ట్యూబులు తీసి వరసగా పెట్టుకుంది. అడుగున తెల్లటి చుక్కలా కణాలు, పైన తేట.

సుధేష్ణ దగ్గరికెళ్ళింది. చెప్పాల్సిన ఇంగ్లీషు వాక్యం నాలుక చివర ఉంది. అప్పుడే ఫెబి తల తిప్పి, కళ్ళతో నవ్వి, “ఆంటీ, నువ్వు చూశావా, కణాలు ఎంత బాగున్నాయో? ఓర్లా నన్ను స్పెయిన్ కాన్ఫరెన్స్‌కి వెళ్ళమంది” అంది.

కుంపటి మీద ఎవరో విసనకర్రతో విసిరినట్టయింది. సుధేష్ణ అంది. “పైతేట ఉంచు.”

తెలుగులో అంది. సరైన మాటే అంది. రేపు ఎవరు ఏ కోర్టులో నిలబెట్టినా ఆమె అన్న మాటలో తప్పు పట్టలేరు. తెలుగెందుకు మాట్లాడావని అడిగే మనిషి మాత్రం ఆ దేశంలోనే లేడు.

ఫెబి చేయి ఆగింది. “ఉంచనా, ఉంచనా?” అంది. రెండు రకాలుగా అడగాలనుకుందని సుధేష్ణకి తెలుసు, రెండూ ఒకలాగే వినబడ్డాయి. ఆ పిల్ల సుధేష్ణ మూతి వంక చూసింది. అక్కడ మాస్కు తప్ప పెదాలేవి? “నోరు మూసా, తెరిచా ఆంటీ?” అని సరదాగా అడిగింది.

ఒక్క ఇంగ్లీషు ముక్క చాలు. కీప్ ఇట్. రెండే మాటలు. సుధేష్ణ కళ్ళు బ్లీచ్ డబ్బా మీద పడ్డాయి, పక్కకి పోయాయి.

“చెప్పాను కదా” అంది.

ఫెబి తల ఊపింది. మొదటి ట్యూబు తీసి, ఎప్పటిలాగే, ఒక్క వంపులో బ్లీచ్‌లో పోసేసింది. రెండోది. మూడోది. సుధేష్ణ అంతా చూస్తూ నిలబడింది. ఆఖరి ట్యూబు దగ్గరైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు. ఆ క్షణంలో ఆమెకి కలిగింది భయం కాదు, పాపభీతి కాదు. చల్లగా అనిపించింది. ఎన్నాళ్ళుగానో మండుతున్న కడుపు మీద తడిబట్ట వేసినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయి ఆ గది దాటి, తొడుగులు విప్పి, చేతులు కడుక్కునేదాకా ఉంది.

మధ్యాహ్నం ఓర్లా వచ్చి తేట ఏదని అడిగింది. ఫెబి ముఖం పాలిపోయింది. సుధేష్ణ వంక చూసింది, మళ్ళీ నేల వంక చూసింది. “నేనే తప్పుగా విన్నాను” అంది. ఓర్లా కోప్పడలేదు, ఆమె కోప్పడదు. “ఆయన ఇప్పుడు మందుల మీద ఉన్నాడు. ఆ రోజులు మళ్ళీ రావు” అంది. సాయంత్రానికి నిర్ణయం అయిపోయింది. ఇకమీదట తొలి వారాల శాంపిల్స్ వస్తే సుధేష్ణ చేస్తుంది. ఫెబి సాయంగా ఉంటుంది.

ఏది కావాలని ఇన్నాళ్ళూ పళ్ళు నూరిందో అది చేతికొచ్చింది. ఇంటికెళ్ళి నవదీప్‌కి చెప్తే, “చూశావా, నీకు రావాల్సింది నీకే వచ్చింది” అని సంతోషించాడు. వంటింట్లో పప్పు కుక్కర్ కూత పెట్టింది. సుధేష్ణ మూత తీసి పైతేట చూసి, మళ్ళీ మూత పెట్టేసింది. ఆ పూట చారు పెట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఇద్దరూ ఒకే ట్రామ్ ఎక్కారు. తప్పించుకుందామని సుధేష్ణ స్టాపులో వెనకగా నిలబడింది గానీ, ఫెబి చూసి చెయ్యి ఊపి, తన పక్క సీటు మీది బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కూర్చోక తప్పలేదు. కిటికీ అద్దం మీద వాన చినుకులు జారుతున్నాయి. ఫెబి అద్దంలో తన మూతే చూసుకుంటూ ఏదో గొణుగుతోంది. పెదాలు ముడుస్తోంది, తెరుస్తోంది.

“ఉంచు. ఒంచు.” తల తిప్పింది. “ఇప్పుడు కరెక్టా ఆంటీ?”

కరెక్టే. స్పష్టంగా వచ్చింది. సుధేష్ణ తల ఊపింది.

“నేను ఇంగ్లీష్‌లో అడగాల్సింది” అంది ఫెబి. “నువ్వు అంత నేర్పించావ్, ఇంకా రాలేదు అనుకుంటావని సిగ్గేసింది. సో డంబ్.” మళ్ళీ తనే చెప్పింది. “ఓర్లాకి తెలుగు అని చెప్పలేదు. చెప్తే ల్యాబ్‌లో తెలుగు వద్దు అంటుంది. అప్పుడు నువ్వు రోజంతా ఎవరితో మాట్లాడతావ్? నాకు మాత్రం ఎవరున్నారు? మమ్మీ కూడా ఇప్పుడు ఇంగ్లీషే.” బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అంది. “నీ తెలుగు వింటే నాకు ఎప్పుడూ జెలసీ ఆంటీ. నువ్వు కోపంలో కూడా భలే మాట్లాడతావ్. నాకు ఎప్పటికీ అలా రాదు.”

ట్రామ్ ఒక స్టాపులో ఆగి మళ్ళీ కదిలింది. ఈ పిల్ల తన మీద అసూయపడుతోందట. ఇంగ్లీషనే ఇంత పెద్ద ఇంటి తాళాలు చేతిలో ఉన్న పిల్ల, తన దగ్గరున్న తెలుగనే ఈ చిన్న గది వంక ఆశగా చూస్తోంది. దాని తలుపు దగ్గరే కదా తను కాపు కాసింది.

“ఆయన మంగళవారం వస్తాడు” అంది ఫెబి. “మాస్టర్. మా లాడ్స్ ఎలా ఆడారు అని అడుగుతాడు. నేనే బాల్ డ్రాప్ చేశాను అని చెప్పాలి.”

అప్పుడు సుధేష్ణ చెప్పేసింది. ముందు అనుకుని చెప్పింది కాదు, ఆ మాటకి తట్టుకోలేక చెప్పింది. “తప్పు నీది కాదు ఫెబీ. ఉంచుకీ ఒంచుకీ తేడా నీకు వినపడదని నాకు తెలుసు. తెలిసే తెలుగులో అన్నాను. నువ్వు పారబోస్తావని తెలిసే ఊరుకున్నాను. నిన్ను చూసి ఓర్వలేకపోయాను.”

ఫెబి కళ్ళు చిట్లించింది. సుధేష్ణ పెదాల వంకే చూస్తోంది. తర్వాత నెమ్మదిగా, కొంచెం క్షమాపణగా నవ్వింది.

“మళ్ళీ తప్పుగా విన్నానేమో ఆంటీ. ఇంగ్లీష్‌లో చెప్పవా?”

అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. సుధేష్ణ ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుంది. గురువారం నాడు రెండు మాటల్లో అయిపోయే ఇంగ్లీషు ఇప్పుడు నాలుగు వాక్యాలైంది. ఐ న్యూ యూ వుడ్ పోర్ ఇట్ అవుట్. అక్కడ మొదలుపెట్టి, చివరిదాకా, ఒక్క మాట మింగకుండా చెప్పింది. వెనక సీట్లో ఎవరో ఫోన్లో మాట్లాడటం ఆపి మళ్ళీ మొదలుపెట్టారు.

ఈసారి ఫెబికి అంతా అర్థమైంది. ముఖంలో నవ్వు పోవడానికి కొంచెం సమయం పట్టింది. కిటికీ వైపు తిరిగింది. అద్దంలో పెదాలు కదల్లేదు. దిగాల్సిన స్టాపు వచ్చేదాకా అలాగే కూర్చుంది. ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అని సుధేష్ణ చూసింది. అరిచినా బాగుండుననిపించింది. ఫెబి లేచి, బ్యాగు భుజాన వేసుకుని, తలుపు దగ్గర ఆగింది.

“విల్ యూ టెల్ ఓర్లా, ఆర్ విల్ ఐ?”

“నేనే చెప్తాను” అంది సుధేష్ణ. తెలుగే వచ్చింది నోట.

“గ్రాండ్” అంది ఫెబి, సరే అన్నట్టు. తలుపులు తెరుచుకున్నాయి. “సీ యూ మండే, సుధేష్ణ.”

ఆ పేరు ఎంత చక్కగా పలికిందో. ఒత్తు ఎక్కడా జారలేదు. ఇన్నాళ్ళూ సుధేష్ణ కోరుకున్నదీ అదే. ఆంటీ అనకుండా, అందరిలాగే పేరు పెట్టి పిలవడం. ట్రామ్ కదిలింది. ఆమె వానలో నడుస్తున్న పిల్ల కనుమరుగయ్యేదాకా చూసింది, రైలు మారాల్సిన తన స్టాపు దాటిపోయినా లేవలేదు.